అన్నింట్లోకీ నాకిష్టమైన ప్రాసెసర్ సెలెరాన్ 300ఏ. ఎందుకో చెబుతాను

తమ్ముడూ, నువ్వడిగింది ఇది: "అన్నా, పాతికేళ్లుగా సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నారు కదా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో మీకు బాగా నచ్చిన ప్రాసెసర్ ఏది? మా బాబాయి ఇంటెల్ క్యూ6600 అంటాడు. నా ఫ్రెండ్స్ ఏఎండీ రైజెన్ 5800ఎక్స్3డి అంటారు. ఇదంతా పాత రోజుల మీద మమకారమేనా, నిజంగా వాటిలో ఏమైనా ఉందా? నా దగ్గర బీ450 మదర్‌బోర్డు మీద రైజెన్ 5 2600 ఉంది."

నా ఓటు 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏకి. అలాగని మీ బాబాయి మాటా తప్పు కాదు, నీ ఫ్రెండ్స్ మాటా తప్పు కాదు. ఈ మూడు ప్రాసెసర్లకీ దగ్గరి చుట్టరికం ఉంది. మమకారం ఉంటే ఉండొచ్చు గానీ ఆ చుట్టరికం మాత్రం సిలికాన్‌లోనే ఉంది. దాని పేరు క్యాష్.

క్యాష్ అంటే ఏమిటో మా షాపుకి వచ్చే పిల్లలకి నేనెప్పుడూ వంటింటి లెక్కలో చెబుతాను. పొయ్యి దగ్గర పోపుల డబ్బా ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిర్చి, చెయ్యి చాస్తే అందుతాయి. పక్కన సామాన్ల గదిలో పెద్ద డబ్బాలుంటాయి. అక్కడా లేకపోతే వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లాలి. డబ్బా క్యాష్ అయితే సామాన్ల గది ర్యామ్, కిరాణా కొట్టు హార్డ్‌డిస్క్. వంట చేసే మనిషి చెయ్యి ఎంత చురుకైనా, నూనె కాగాక ఆవాల కోసం లోపలి గదికి పరిగెత్తాల్సి వస్తే పోపు మాడిపోతుంది. ప్రాసెసర్‌దీ అదే తిప్పలు. ఇవాళ్టి ప్రాసెసర్ మొదటి మెట్టు క్యాష్‌లోంచి నాలుగైదు సైకిళ్లలో (సైకిల్ అంటే ప్రాసెసర్ గడియారం ఒక్కసారి కొట్టుకోవడం) సరుకు తెచ్చుకుంటుంది. అదే ర్యామ్ దాకా వెళ్లాల్సి వస్తే వందల సైకిళ్లు ఊరికే నిలబడి చూస్తుంది. గిగాహెర్ట్జ్ అంకె చూసి కొనేవాళ్లకి ఈ నిలబడి చూసే సమయం కనిపించదు.

ఇప్పుడు 1998కి వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదటి సెలెరాన్ వచ్చింది, 266 మెగాహెర్ట్జ్. ధర తగ్గించడానికి ఇంటెల్ దాంట్లో ఎల్2 క్యాష్, అంటే రెండో మెట్టు క్యాష్, పూర్తిగా తీసేసింది. పోపుల డబ్బా లేని వంటిల్లన్నమాట. ఆఫీసు పనుల్లో అది ఈసురోమని నడిచేది, పేరు బాగా చెడింది. ఆగస్టులో ఆ తప్పు దిద్దుకుంటూ 300ఏ తెచ్చారు. ఈసారి 128 కేబీ ఎల్2 క్యాష్ పెట్టారు, అదీ ప్రాసెసర్ చిప్ మీదే, ప్రాసెసర్ వేగంతోనే నడిచేలా. అప్పటికి ఖరీదైన పెంటియం 2లో 512 కేబీ ఉండేది కానీ, అది చిప్ బయట, కార్డు మీద విడిగా కూర్చునేది. నడిచేది సగం వేగంతో. డబ్బా పెద్దదే కానీ పొయ్యికి దూరం. 300ఏలో డబ్బా చిన్నదైనా చేతికి ఆనుకుని ఉంది. చాలా పనుల్లో ఆ చిన్న డబ్బాయే సరిపోయింది.

అంతటితో ఆగితే అదొక మంచి చవక ప్రాసెసర్ అయ్యేది, అంతే. దాన్ని జనం ఇన్నేళ్లు తలుచుకోవడానికి కారణం వేరే. ప్రాసెసర్‌ని మిగతా బోర్డుతో కలిపే దారిని బస్సు అంటాం; బస్సు వేగాన్ని గుణకంతో హెచ్చవేస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. 300ఏ గుణకం 4.5, దాన్ని మార్చనివ్వకుండా తాళం వేశారు. బస్సు 66 మెగాహెర్ట్జ్, కాబట్టి 300. కానీ బోర్డు మీద 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) ఉంటే బస్సుని 100కి పెట్టొచ్చు. 4.5ని 100తో హెచ్చవేస్తే 450. 300ఏ వచ్చిన రోజునే ఇంటెల్ విడుదల చేసిన అగ్రశ్రేణి పెంటియం 2 వేగమూ 450 మెగాహెర్ట్జే! దాని ధర 669 డాలర్లు, 300ఏ ధర 149. నాలుగో వంతు కూడా కాదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒక సంగతి గమనించరు. అదృష్టం 450 అన్న అంకెలో లేదు, 100 అన్న అంకెలో ఉంది. బస్సు 83కి పెడితే చాలా బోర్డుల్లో పీసీఐ (విడి కార్డులు పనిచేసే దారి) వేగం 33 నుంచి 41 దాటిపోయేది. హార్డ్‌డిస్క్ కంట్రోలర్ ఆ పీసీఐ మీదే కదా, ఫైళ్లు పాడయ్యేవి. 100 పెడితే బీఎక్స్ చిప్‌సెట్ దాన్ని మూడుతో భాగించి పీసీఐకి సరిగ్గా 33, మూడింట రెండొంతులు తీసి గ్రాఫిక్స్ కార్డు దారి ఏజీపీకి 66 ఇచ్చేది. అంటే ఒక్క ప్రాసెసర్ తప్ప మిగతా సిస్టమ్ అంతా తన నిర్ణీత వేగంలోనే ఉండేది. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డులో అయితే జంపర్లు (బోర్డు మీద చేత్తో మార్చే చిన్న పిన్ను తొడుగులు) కూడా అక్కర్లేదు, బోర్డు సొంత సెట్టింగులుండే బయోస్ మెనూలో మార్చుకోవచ్చు. ఆ సదుపాయం లేని బోర్డు ఉన్నవాళ్లు స్లాట్ కార్డు మీద బీ21 అనే పిన్ను కనబడకుండా సన్నటి టేపు ముక్క అంటించేవాళ్లు. దాంతో బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ అనుకునేది.

మరి 300 అని అమ్మిన చిప్ 450లో ఎలా నిలబడింది? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మిర్చి యార్డులో గ్రేడింగ్ చూసే ఉంటావు. ఒకే చేలో కాయ రంగుని బట్టి, తాలుని బట్టి వేరవుతుంది. చిప్‌లూ అంతే, ఒకే వేఫర్ (పలుచటి సిలికాన్ బిళ్ల) మీద పుట్టినవాటిని పరీక్షించి ఏది ఎంత వేగానికి తట్టుకుంటుందో చూసి ముద్ర వేస్తారు. అయితే పంట బ్రహ్మాండంగా పండి, కొనేవాళ్లంతా రెండో రకం ధరకే అడుగుతుంటే? మొదటి రకం కాయ కూడా రెండో రకం బస్తాలోకే వెళ్తుంది. 1998 చివరికి ఇంటెల్ 250 నానోమీటర్ల తయారీ బాగా కుదురుకుంది, 450కి తట్టుకునే సిలికాన్ పుష్కలంగా వస్తోంది. పైగా పెంటియం 2 పైకి పోకుండా పట్టి ఉంచేవాటిలో బయట ఉన్న ఆ క్యాష్ చిప్‌లు కూడా ఒకటి. సెలెరాన్‌కి బయట ఏమీ లేదు, పట్టుకునేవాళ్లే లేరు. కొన్ని చిప్‌లు మొరాయించేవి. వోల్టేజీ 2.0 నుంచి 2.2కి పెంచితే చాలావరకు దారికొచ్చేవి.

నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పని నేర్చుకుంటున్నది 1999లో. నా చేత్తో కట్టిన మొదటి 300ఏ సిస్టమ్ నల్లకుంటలో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే ఒక డీటీపీ సెంటర్‌కి వెళ్లింది. పెంటియం 2 కొనే స్తోమత ఆయనకి లేదు. ఫొటోషాప్‌లో ఒక ఫిల్టర్ వేసి టీ తాగి రావాల్సిన మనిషి, కుర్చీలోంచి లేవకుండానే పని అయిపోవడం చూసి నా వైపు తిరిగాడు. ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన దగ్గర ఉన్న డబ్బుకి ఆయన అవసరానికి తగ్గ యంత్రం దొరికింది. నా ఓటు 300ఏకి వెయ్యడానికి సగం కారణం ఆ మధ్యాహ్నమే.

తర్వాతి ఏడాది అబిట్ బీపీ6 బోర్డు మీద రెండు సెలెరాన్లు పక్కపక్కన పెట్టి విండోస్ ఎన్‌టీ నడిపినవాళ్లనీ చూశాను. ఇంటెల్ ఉద్దేశంలో సెలెరాన్ జంటగా నడవాల్సింది కాదు, అయినా నడిచింది. ఇళ్లలో రెండు ప్రాసెసర్ల సిస్టమ్ పెట్టుకోవడం అంతకుముందు మాకు ఊహకే అందని మాట.

ఏఎండీ వైపు రాకపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను. 2000లో డ్యూరాన్ వచ్చింది. ఆ కాలపు డ్యూరాన్, థండర్‌బర్డ్ అథ్లాన్ల మీద ఎల్1 అని (ఇది క్యాష్ పేరు కాదు) కొన్ని చిన్న గీతలుండేవి. తెగి ఉన్న ఆ గీతలని మామూలు పెన్సిల్‌తో కలిపితే గుణకం తాళం తెరుచుకునేది, గ్రాఫైట్ కరెంటుని మోస్తుంది కాబట్టి. ఆ తర్వాత 2003 ఫిబ్రవరిలో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్, బార్టన్ అంటాం, నా లెక్కలో రెండో స్థానం దానిదే. ఎల్2 క్యాష్ అప్పటిదాకా ఉన్న 256 నుంచి 512 కేబీకి రెట్టింపు అయింది. గుణకం 11, బస్సు 166, వేగం 1.83 గిగాహెర్ట్జ్. ఎన్‌ఫోర్స్2 బోర్డు మీద బస్సుని 200కి పెడితే 2.2 గిగాహెర్ట్జ్. అంటే అక్షరాలా 3200 ప్లస్, ఏఎండీ అప్పట్లో అమ్మిన అన్నిటికంటే ఖరీదైన ఎక్స్‌పీ. సెలెరాన్ కథే మళ్లీ జరిగింది. ఆ ఏడాది చివర్లో గుణకానికి తాళం వేశారు గానీ, 11ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు కాబట్టి మాకేమీ తేడా పడలేదు.

ఒక్కటే బాధ, వాటి డై మీద రక్షణగా రేకు మూత ఉండేది కాదు. నల్లటి సిలికాన్ పలక నేరుగా పైకి కనిపించేది. చల్లబరిచే హీట్‌సింక్ క్లిప్పుని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి తగిలించాలి. కాస్త వంకరగా దిగితే పలక మూల చిట్లిపోయేది. నా చేతుల్లోనే ఒకటి అలా పోయింది. అప్పటి నుంచి హీట్‌సింక్ పెట్టేటప్పుడు పక్కనెవరినీ మాట్లాడనివ్వను.

పెంటియం 4 గురించి పెద్దగా చెప్పను. గిగాహెర్ట్జ్ అంకె పెంచడం కోసం పైప్‌లైన్‌ని, అంటే ఒక్కో ఆదేశం దాటాల్సిన మెట్ల వరసని, సాగదీశారు, 2004 నాటి ప్రెస్కాట్ రకంలో అది 31 మెట్లకి చేరింది. దాని వేడికి మన ఎండాకాలం తోడైతే క్యాబినెట్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. పెంటియం 4లలో నార్త్‌వుడ్ 2.4సీ ఒక్కటి మంచిది.

ఇక మీ బాబాయి క్యూ6600. దీన్ని ప్రేమించినవాళ్లు నాకు తెలిసినంతలో ఎవరూ తర్వాత బాధపడలేదు. 2007 జనవరిలో 851 డాలర్లకి వచ్చింది, మనకి అందే సరుకు కాదు. కానీ అదే ఏడాది జులైలో 266 డాలర్లకి దింపేశారు. నాలుగు కోర్లు, ఎనిమిది ఎంబీ ఎల్2 క్యాష్. నిజానికి అది రెండు డ్యూయల్ కోర్ చిప్‌లని ఒకే ప్యాకేజీలో పక్కపక్కన అతికించిన అమరిక. ఒక సగం రెండో సగంతో మాట్లాడాలంటే బయటి బస్సు మీదుగానే వెళ్లి రావాలి. ఇది అసలైన నాలుగు కోర్ల చిప్ కాదని అప్పట్లో వాదించేవాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల మాట సాంకేతికంగా నిజమే. అయినా ఏఎండీ అదే ఏడాది నవంబర్‌లో తెచ్చిన ఫీనమ్, ఒకే చిప్ మీద నాలుగు కోర్లున్నదై కూడా, దాన్ని అందుకోలేకపోయింది. పైగా దానికి టీఎల్‌బీ లోపం (మెమరీ చిరునామాలు వెతికే భాగంలో తప్పు) ఒకటి తగులుకుంది. క్యూ6600కి ర్యామ్ కంట్రోలర్ చిప్ మీద లేదు, ర్యామ్ దూరం. ఆ దూరాన్ని కప్పిపుచ్చింది ఆ ఎనిమిది ఎంబీ క్యాషే. మళ్లీ పోపుల డబ్బాయే.

ఇందులో జీ0 స్టెప్పింగ్ (అదే చిప్‌కి దిద్దిన కొత్త రూపు) అని ఒకటుంది. మొదట వచ్చిన బీ3 రకం 105 వాట్లదైతే ఇది 95 వాట్లది. ప్యాకింగ్ పెట్టె మీద ఎస్‌ఎల్ఏసీఆర్ అని రాసి ఉంటే జీ0. షాపుల్లో నేను సీలు తియ్యకుండా ఆ స్టిక్కర్ చూసి ఏరుకునేవాణ్ని. గుణకం 9, బస్సు 266. 333 చేస్తే 3.0 గిగాహెర్ట్జ్, 400 చేస్తే 3.6. 3.0కి దాదాపు ఏ చిప్ అయినా వోల్టేజీ ముట్టుకోకుండానే వెళ్లేది.

గుంటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా బావమరిదికి ఒకటి కట్టిచ్చాను. అంతకుముందు పెంటియం 4 మీద డీవీడీకి రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా మార్చడం) రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేదాకా నడిచేది, మధ్యలో కరెంటు పోతే మొదటికొచ్చేది. క్యూ6600 వచ్చాక మధ్యాహ్నం పెట్టి, అన్నం తిని కునుకు తీసి లేచేసరికి అయిపోయేది. డిసెంబరులో దాన్ని 3.6 దగ్గర పెట్టి, ప్రైమ్95 అనే పరీక్ష ప్రోగ్రామ్ రాత్రంతా తిప్పి, గట్టిగా ఉందని నమ్మి వచ్చేశాను. మే నెలలో ఫోన్ వచ్చింది, ముహూర్తాల సీజన్ మధ్యలో సిస్టమ్ రీస్టార్ట్ అవుతోందని. తప్పు నాది. గది వేడి డిసెంబర్‌లో ఇరవై అయిదైతే మేలో నలభై దాటుతుంది, ఆ పదిహేను డిగ్రీలూ నేరుగా కోర్ మీదే కలుస్తాయి. 3.0కి దించాను, ఆ తర్వాత మళ్లీ ఫోన్ రాలేదు. చలి దేశాలవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టే ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ని నిర్ణీత వేగం దాటించడం) అంకెలు చూసి మన దగ్గర అలాగే పెట్టొద్దని ఎవరడిగినా చెప్పేది అందుకే. మన ఊళ్లో నిలబడాలంటే పరీక్ష మే నెలలో చెయ్యాలి.

2011 జనవరిలో వచ్చిన ఐ5-2500కె గురించి చాలామంది ఆరాధనగా మాట్లాడతారు. అర్హత ఉంది. 216 డాలర్లకి నాలుగు కోర్లు, 3.3 గిగాహెర్ట్జ్, గుణకం తాళం లేదు, బయోస్‌లో ఒక అంకె మారిస్తే 4.5. మూత కింద లోహంతో సోల్డర్ చేశారు కాబట్టి వేడి సాఫీగా పైకి వచ్చేది. మరుసటి ఏడాది వచ్చిన తర్వాతి తరం ఐవీ బ్రిడ్జ్‌లో సోల్డర్ మానేసి పేస్ట్ పెట్టాక దాని విలువ ఇంకా తెలిసొచ్చింది. దాన్ని ఆరేడేళ్లు వాడినవాళ్లు నా కస్టమర్లలోనే ఉన్నారు. కానీ నా మనసులో అది నాలుగో స్థానమే. ఓవర్‌క్లాక్ చెయ్యడానికి ఇంటెల్ 'కె' అనే అక్షరం పెట్టి, దానికి ధర కట్టి, దానికి తగ్గ పీ67 బోర్డు కూడా కొనిపించింది. 300ఏలో మేమే వెతికి పట్టుకున్నాం, ఇక్కడ వాళ్లే కౌంటర్ మీద పెట్టి అమ్మారు.

ఇప్పుడు నీ ఫ్రెండ్స్ మాట. 5800ఎక్స్3డి 2022 ఏప్రిల్‌లో 449 డాలర్లకి వచ్చింది. మామూలు 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఎల్3, అంటే మూడో మెట్టు క్యాష్, ఉంటుంది. దాని నెత్తిన ఇంకో 64 ఎంబీ పలకని, మధ్యలో సోల్డర్ లేకుండా రాగికి రాగిని నేరుగా అతికించి కూర్చోబెట్టారు. మొత్తం 96 ఎంబీ. పక్కన చోటు లేక మేడ కట్టారు. పైన మరో పలక ఉంటే వేడి దిగడం కష్టం కాబట్టి వేగం తగ్గించాల్సి వచ్చింది: 5800ఎక్స్ 4.7 దాకా వెళ్తే ఇది 4.5 దగ్గర ఆగుతుంది. గుణకానికి తాళం కూడా వేశారు. వేగం తక్కువ, తాళం వేసి ఉంది, అయినా ఆటల్లో తన అన్నని దాటేసింది. ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటి వాటిలో, చిన్న చిన్న డేటా ముక్కల కోసం ర్యామ్ చుట్టూ తిరగాల్సిన చోట్ల, ఆ తేడా కంటికే తెలుస్తుంది. రెండరింగ్‌లో మాత్రం 5800ఎక్స్ కంటే కొంచెం వెనకే. ఎందుకంటే ఆ పనికి కావలసింది చేతి వేగం, డబ్బా కాదు.

1998లో 128 కేబీ చెప్పిన మాటనే 2022లో 96 ఎంబీ చెప్పింది. అందుకే ఓవర్‌క్లాక్ కుదరకపోయినా దీన్ని నేను మూడో స్థానంలో, క్యూ6600తో సమానంగా పెడతాను.

ఒక్కటి అడక్కుండానే చెబుతాను. మన దగ్గర పాలిటెక్నిక్‌లో, ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లని ఇష్టమైన ప్రాసెసర్ అడిగితే కొందరు 8085 అంటారు. 1976 నాటిది, 6,500 ట్రాన్సిస్టర్లు. దాని ముందుది 8080కి మూడు రకాల వోల్టేజీలు కావాలి, దీనికి అయిదు వోల్ట్లు ఒక్కటి చాలు. ల్యాబ్‌లో ఎర్ర అంకెల కిట్ మీద 3ఈ కొట్టి విలువ ఇస్తే అది 'ఏ' (A) అనే రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపలి చిన్న అరలో, కూర్చునేది, 76 కొడితే ప్రోగ్రామ్ ఆగేది. ప్రాసెసర్ ఏం చేస్తుందో వేలి చివర తెలిసేది. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ రోవర్‌లో ఉన్నదీ ఆ కుటుంబపు 80సీ85యే, 2 మెగాహెర్ట్జ్. క్యాష్ అనేది దానికి తెలియదు, దాని వేగానికి అవసరమూ లేదు. ఆ వరసలో దాన్ని పోల్చలేను గానీ, తలుచుకోకుండా ఉండలేను.

చివరిగా నీ సిస్టమ్. 2600 నుంచి 5800ఎక్స్3డికి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది, బోర్డు మార్చక్కర్లేదు. అయితే నీ మానిటర్ 60 హెర్ట్జ్‌దై, గ్రాఫిక్స్ కార్డు మధ్య రకం అయితే రైజెన్ 5 5600 చాలు, మిగిలిన డబ్బు కార్డు మీద పెట్టు. ఏది కొన్నా పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చెయ్యి. బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త ప్రాసెసర్ పేరు ఎదురుగా ఏ వెర్షన్ రాసి ఉందో అది, లేదా అంతకంటే కొత్తది. యూపీఎస్ మీద పెట్టి చెయ్యి, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవదు. హీట్‌సింక్ తీసే ముందు ఒక పావుగంట ఏదైనా ఆట ఆడి పేస్ట్ వేడెక్కనివ్వు, ఆపైన సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసెయ్యి. తీసేటప్పుడు పైకి లాగకు, ముందు అటూ ఇటూ మెల్లగా తిప్పు. నీ బోర్డు మీద ఉండే ఏఎం4 సాకెట్‌లో ప్రాసెసర్ హీట్‌సింక్‌కి అంటుకుని లివర్ వేసి ఉండగానే ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. ఒకవేళ వంగితే కంగారుపడకు, పాత క్రెడిట్ కార్డు అంచుని వరసల మధ్య పెట్టి నెమ్మదిగా సరిచేస్తే చాలాసార్లు దారికొస్తాయి.